సాయంత్రం ఐదు గంటల ఆకలి

పీర్జాదిగూడలో మా వీధి మలుపు దగ్గర సాయంత్రం నాలుగున్నర దాటితే పసుపు రంగు బడి బస్సులు ఒకటొకటిగా వచ్చి ఆగుతాయి. పిల్లలు దిగి, సంచులు మోసుకుంటూ మెట్లెక్కుతారు. కొందరికి నానమ్మ తలుపు తీస్తుంది. కొందరు సంచి జేబులోని తాళంచెవితో తామే తీసుకుంటారు. అమ్మానాన్నలు ఆ వేళకు ఏ సికింద్రాబాద్ ఆఫీసులోనో, నాచారం ఫ్యాక్టరీ షిఫ్టులోనో ఉంటారు. మెట్రోలో ఉప్పల్ దాకా తొందరగానే రావచ్చు. అక్కడి నుంచి ఇల్లు చేరడమే కష్టం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా తలపెట్టిన పైవంతెన పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ దుమ్ములో, ఆ గుంతల్లో నాలుగైదు కిలోమీటర్లకు ముప్పావు గంట పట్టిన సాయంత్రాలు వరంగల్ రోడ్డు మీద తిరిగేవాళ్లందరికీ గుర్తే. గడప తొక్కేసరికి ఎనిమిది.

అందుకే ఇక్కడి తల్లులు నాతో చెప్పుకునే బాధ దాదాపు ఒకేలా ఉంటుంది. "అక్కా, మావోడు అన్నం తింటలేడు. ముద్ద బుగ్గల పెట్టుకొని అట్లనే కూసుంటడు. ఫోన్ చేతికిస్తే తప్ప మింగడు." నేను అప్పుడు ఒక్కటే అడుగుతాను: ఐదింటికి ఏం తిన్నాడమ్మా అని. ఆ ప్రశ్నకు జవాబు చాలామంది దగ్గర ఉండదు. ఆ వేళకు వాళ్లు ఇంట్లో లేరు కదా.

పిల్లవాడి రోజు ఒకసారి తలుచుకోండి. పొద్దున ఏడున్నర బస్సు కోసం సగం దోశ తిని పరుగెత్తుతాడు. మధ్యాహ్నం బాక్సు మూత తీస్తే చల్లబడి గట్టిపడిన అన్నం ఉంటుంది. ఆటల తొందరలో నాలుగు ముద్దలు మింగి మూసేస్తాడు. ఇంటికి వచ్చేసరికి కడుపు కాలిపోతూ ఉంటుంది. రోజు మొత్తంలో ఆ బిడ్డకు నిజమైన ఆకలి ఉండేది అప్పుడే. ఆ ఆకలి మీద బీరకాయ కూర పెట్టినా తింటాడు. కానీ ఆ వేళకు వంటింట్లో గిన్నెలు కడిగి బోర్లించి ఉంటాయి. పొద్దుటి కూర ఫ్రిజ్‌లో ఏ మూల ఉందో వాడికి తెలియదు. కంటికి కనిపించేది, చేతికందేది, పొయ్యి వెలిగించే పని లేనిది బిస్కెట్ ప్యాకెట్. అదీ లేకపోతే కింద కిరాణా కొట్లో పది రూపాయల చిప్స్, ఒక తీపి డ్రింకు. అవి కడుపులో పడ్డాక ట్యూషన్. ఎనిమిదిన్నరకు మీరు అలసటనంతా దిగమింగుకుని వేడివేడిగా వండి పళ్లెం ముందు పెడతారు. అప్పటికి ఆకలి చచ్చిపోయి ఉంటుంది. మొండితనం అని మీరు కోప్పడుతున్నది చాలా ఇళ్లలో నిండిన కడుపే.

ఇది నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా అబ్బాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు బిస్కెట్లు ఫ్రిజ్ మీద దాచేదాన్ని. వాడు స్టూలు వేసుకుని తీసుకునేవాడు. రాత్రి అన్నం దగ్గర ఏడుపు, నా అరుపు. రెండేళ్లు అలాగే గడిచాయి. ఒక వేసవిలో మా అమ్మ వచ్చి మూడు వారాలు ఉంది. వాడిని ఒక్కమాట అనలేదు. ఐదింటికి పెరుగన్నం కలిపి, మామిడికాయ తొక్కు అంచుకు పెట్టి, పక్కన ఉడికించిన గుడ్డు పెట్టేది. ఎనిమిదింటికి మా అందరితో కూర్చోబెట్టి, ఒక చిన్న జొన్నరొట్టె ముక్క, కాస్త పప్పు వాడి ముందుంచి ఊరుకునేది. తింటే తిన్నాడు, లేకపోతే లేదు. పది రోజుల్లో మా ఇంట్లో రాత్రి గొడవ ఆగిపోయింది. పెద్ద భోజనాన్ని ఆమె ఆకలి ఉన్న వేళకు జరిపింది. అంతకుమించి ఏమీ చేయలేదు.

పిల్లల తిండి గురించి ఎప్పుడు మాట్లాడినా నాకు క్లారా డేవిస్ గుర్తొస్తుంది. 1920ల చివర్లో అమెరికాలో ఈ డాక్టరమ్మ అప్పుడే తల్లిపాలు మానిన పసివాళ్లను పదిహేను మందిని దగ్గర పెట్టుకుని ఒక పరిశీలన చేసింది. పాలు, పండ్లు, కూరగాయలు, ధాన్యాలు, గుడ్డు, మాంసం, చేప, ఇలా 34 రకాలు ఎంచి, వాటిలో కొన్ని పూటపూటకూ చిన్న గిన్నెల్లో పిల్లల ముందు పెట్టించేది. నర్సులు ఇది తిను అనకూడదు, వద్దు అనకూడదు. బిడ్డ వేలు చూపిస్తేనే చెంచా అందించాలి. ఒక పూట ఒకటే తిని, మరో పూట ఇంకొకటి తిని, చూసేవాళ్లకు పిచ్చి తిండిలా కనిపించినా, వారాలు కలిపి లెక్క చూస్తే పిల్లలందరికీ కావలసినవన్నీ అందాయి. బలంగా పెరిగారు. రికెట్స్ జబ్బుతో వచ్చిన ఒక బిడ్డ, ముందు పెట్టిన చేపనూనెను తనంత తానే తాగుతూ వచ్చి, జబ్బు నయమయ్యాక మానేశాడు.

దీన్నిబట్టి పిల్లల నాలుకకు అన్నీ తెలుసు, వాళ్లకు వదిలేద్దాం అనుకునేవాళ్లు ఉన్నారు. డేవిస్ మాత్రం ఆ పొరపాటు చేయలేదు. కిటుకంతా తాను రాసుకున్న పట్టికలోనే ఉందని ఆమే చెప్పింది. ఆ 34 రకాల్లో చక్కెర లేదు. డబ్బాల్లో, ప్యాకెట్లలో వచ్చే తయారీ తిండి లేదు. ఏది ఎంచుకున్నా మంచిదే అయ్యేలా పెద్దవాళ్లు ముందే ఏర్పాటు చేశారు. ఎంపిక పిల్లలది, పట్టిక పెద్దలది. మన ఇళ్లలో ఆ పట్టిక వంటింటి అరల్లో ఉంటుంది.

కాబట్టి పిల్లవాడిని సరిచేయడానికి ముందు కింది అర సరిచేయమని అడుగుతున్నాను. వాడి చేతికందే ఎత్తులో ఒక అరను వాడికే ఇచ్చేయండి. అందులో మూత సులువుగా వచ్చే స్టీలు డబ్బాలు నాలుగు ఉంచండి. వేయించిన పల్లీలు, పుట్నాలు, మురుమురాలు, ఇంట్లో చేసిన పల్లీపట్టీ లేదా నువ్వుల ముద్దలు. గట్టు మీద పండ్ల బుట్ట వాడి కంటికి ఎదురుగా ఉండాలి. అరటిపండు ఏడాది పొడుగునా ఉంటుంది. మిగతావి కాలాన్ని బట్టి జామ, సీతాఫలం, రేగుపండ్లు. ఫ్రిజ్‌లో కింది మెట్టు మీద, లోపలిది బయటికి కనపడే గాజుగిన్నెలో, పొద్దున కలిపిన పెరుగన్నమో, పెంకు తీయని ఉడికించిన గుడ్డో, కొన్ని మొలకలో పెట్టి వెళ్లండి. "ఇది నీది, వచ్చినంక తిను" అని పొద్దున చూపించి చెప్పండి. మూత కింద ఏముందో తెలియని గిన్నెను ఏ పిల్లా తెరవదు. జొన్నరొట్టె చేసిన రోజు రెండు ఎక్కువ చేసి గుడ్డలో చుట్టి పెడితే సాయంత్రం నెయ్యి, బెల్లంతో తినేస్తారు. సర్వపిండి కూడా చల్లారినా బాగుంటుంది. సకినాల డబ్బా మాత్రం పండగ తర్వాత పైన సజ్జ మీదకు పంపండి.

రెండు జాగ్రత్తలు. నాలుగైదేళ్ల లోపు పిల్లలుంటే పల్లీలు, పుట్నాలు, వేయించిన శనగలు ఆ అరలో వద్దే వద్దు. గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి ఉండల్లో కలిపి పెట్టండి. పెద్దపిల్లలు ఒంటరిగా ఉండే ఇంట్లో పొద్దున బయటికి వెళ్లేటప్పుడు సిలిండరు రెగ్యులేటరు కట్టేసి వెళ్లండి. పొయ్యి అక్కర్లేని తిండి ఉంచితే ఆ భయమూ తగ్గుతుంది.

బిస్కెట్లు పూర్తిగా మానేయమని నేను చెప్పను. మానేస్తే పక్కింట్లో తింటారు. సూపర్‌మార్కెట్లో ఒకటి కొంటే ఒకటి ఉచితం అని ఉన్నప్పుడు ఆరు ప్యాకెట్లు తెచ్చి ఇంట్లో నింపకండి, అంతే. ఇంట్లో ఉన్నది తినక మానరు, మనమైనా అంతే కదా. తినాలనిపించిన రోజు ఒక్క ప్యాకెట్ తెచ్చుకుని అందరూ పంచుకోండి. ప్రేమగా అడిగి తినే తీపికీ, దొంగచాటుగా తినే తీపికీ పిల్లల మనసులో చాలా తేడా ఉంటుంది.

ఇక సామాన్ల సంగతి. మా అమ్మ వంటింట్లో ఉట్టి ఉండేది, గోడలో గూళ్లు ఉండేవి, పచ్చడి జాడీలకు గుడ్డతో వాసెన కట్టి ఉండేది. ప్రతి వస్తువుకూ ఒక చోటు, ఆ చోటుకు ఒక కారణం. ఉట్టి మీద పాలూ పెరుగూ పిల్లికి, పిల్లలకు అందకుండా ఉండేవి. జాడీలో తడి గరిటె పడితే బూజు వస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు మన అపార్టుమెంట్లలో మాడ్యులర్ అరలు బోలెడన్ని వచ్చాయి. తలుపు మూస్తే శుభ్రంగా కనిపిస్తుంది. లోపల మూడు కందిపప్పు పొట్లాలు సగం సగం వాడినవి దొరుకుతాయి. వెనక్కి జారిపోయిన పొట్లంలో పురుగు పడుతుంది, అది మిగతావాటికి పాకుతుంది. కొత్త సరుకు వెనక, పాత సరుకు ముందు అన్న ఒక్క అలవాటుతో ఈ నష్టం చాలావరకు పోతుంది.

బియ్యం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్‌కార్డు ఉన్నవాళ్లకు మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. ఆ జూన్‌లో వానాకాలం ముందు మూడు నెలలవి ఒకేసారి ఇచ్చారు. నలుగురున్న ఇంటికి 72 కిలోలు. రెండు గదుల ఇంట్లో అన్ని బియ్యం ఎక్కడ పెట్టాలో తెలియక బస్తాలు నేల మీదే గోడకు ఆనించిన ఇళ్లు నేను చూశాను. నేల చెమ్మ, గోడ చెమ్మ కలిసి ముక్కుపురుగుకు పండగ అయింది. బస్తాను చెక్కపీట మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. నెలకు సరిపడా మాత్రం డబ్బాలోకి తీసుకోండి. ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిర్చి వేసుకోండి. కందిపప్పుకు ఆముదం పలచగా రాసుకోవడం మన పెద్దల పద్ధతే. కొందరు బియ్యంలో బోరిక్ పౌడర్ కలుపుతారు. దయచేసి ఆ పని చేయకండి. అది తినే వస్తువు కాదు. పురుగు పట్టిన బియ్యాన్ని చెరిగి, కడిగి వండుకుంటే ఎవరికీ ఏమీ కాదు, బోరిక్ పౌడర్ తింటే అవుతుంది.

ఫ్రిజ్ తలుపు అరలో పాలు పెట్టడం మనందరికీ అలవాటు. ఫ్రిజ్ మొత్తంలో వెచ్చగా ఉండేది ఆ తలుపే. తీసినప్పుడల్లా గాలి తగులుతుంది. అక్కడ నీళ్లసీసాలు పెట్టి, పాలు లోపలి మెట్టు మీద పెట్టండి. వండిన అన్నం, కూర రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, ఎండాకాలం అయితే ఇంకా ముందే లోపల పెట్టాలి. రాత్రి మిగిలిన అన్నాన్ని మన పెద్దలు నీళ్లు పోసి, మజ్జిగ కలిపి సద్ది చేసుకునేవాళ్లు. అన్నాన్ని గిన్నెలో అలాగే గట్టు మీద వదిలేసి పొద్దున వేడి చేసి పిల్లల బాక్సులో పెట్టడం వేరు. అందులో పుట్టిన విషం వేడికి పోదు.

ఆదివారం పొద్దున ఒక గంట దీనికి ఇవ్వండి. అంగడి నుంచి తెచ్చిన తోటకూర, పుంటికూర, గంగవాయిలి ఏరి, కడగకుండా గుడ్డలో చుట్టి పెట్టుకుంటే వారం మధ్యలో ఆకుకూర వండే ఓపిక వస్తుంది. ఏరని కట్ట ఫ్రిజ్‌లో నల్లబడి చెత్తబుట్టకు పోవడం అందరి ఇళ్లలో జరిగేదే. ఈ పనిలో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. పుంటికూర ఆకు తుంపి నోట్లో పెట్టుకుని పుల్లగా ఉందని ముఖం చిట్లించిన పిల్ల, ఆ రోజు పప్పులో దాన్ని వెతుక్కుని మరీ తింటుంది. పోపుల డబ్బా మూత తీసి ఆవాలేవి, జీలకర్రేది, మెంతులేవి అని అడగండి. మగపిల్లలను ముందు కూర్చోబెట్టండి.

మనకు కూతవేటు దూరంలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు ఒక చిన్న విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్ వచ్చింది. 2024 మేలో ఆ సంస్థ భారతీయులకు 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని చెప్పింది. మన పిల్లల పళ్లెంలో సగానికి పైగా తెల్లన్నమే. చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకూడదంది. భోజనానికి ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీ వద్దంది, అందులోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. ఈ చివరి మాట హైదరాబాద్ ఇళ్లకు ముఖ్యం. ఐదింటికి పిల్లలకు కూడా గ్లాసెడు టీ, అందులో ముంచుకోవడానికి రస్కులు ఇవ్వడం ఇక్కడ మామూలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. టీ బదులు పాలో, మజ్జిగో ఇవ్వండి. పప్పు మీద నిమ్మకాయ పిండండి, ఇనుము ఎక్కువ పడుతుంది. మాంసం తినే ఇంట్లో వారానికోసారి కార్జం వండండి.

చిన్నపిల్లల తల్లులకు ఇంకో మాట. అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతం మన నాచారంలోనే, తెలంగాణ ఫుడ్స్‌లో తయారవుతుంది. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెరతో చేసిన పిండి, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. సర్కారు పిండి అని కొందరు దాన్ని తీసుకోరు, తీసుకున్నా మూలన పడేస్తారు. అదే మనుషులు అంతకు పదింతలు పోసి రంగు డబ్బాలో పొడి కొంటారు. మీ బిడ్డకు ఆ ప్యాకెట్ హక్కుగా వస్తోంది. తెచ్చుకోండి. చక్కెర అందులో ముందే ఉంది కాబట్టి మళ్లీ కలపకండి. వేడినీళ్లలో కలిపి పెట్టండి, మూత బిగుతైన డబ్బాలో దాచండి.

ఆ రంగు డబ్బాల సంగతీ చెప్పాలి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం, పాలలో కలిపే తీపి పొడుల వంటివాటిని ఆరోగ్య పానీయాల వరుసలో పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు, ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్ముతున్న తీపి నీళ్ల మీద ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. విరేచనాలైన బిడ్డకు ఆ చక్కెర నీళ్లు పడితే జబ్బు ముదురుతుందని చెప్పి చెప్పి అలసిపోలేదు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆమె మాటే నిలబెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేనిదానికి ఆ పేరు పెట్టకూడదని ఆదేశించింది. మన కోసం ఒక డాక్టరమ్మ అంత చేసింది. మనం ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవడమైనా చేద్దాం. నూరు మిల్లీలీటర్లకు చక్కెర 12 గ్రాములని రాసి ఉంటే, 200 మిల్లీలీటర్ల సీసాలో 24 ఉన్నట్టు. అంటే ఐదు చెంచాల చక్కెర. ఆ రోజు మొత్తానికి సరిపడేది ఒక్క సీసాతో అయిపోయింది.

ఇదంతా చదివి తల్లులు మళ్లీ తమ నెత్తినే బరువు పడిందని అనుకోవచ్చు. అలా పడకూడదు. పొద్దున ఆ గాజుగిన్నెలో పెరుగన్నం కలిపే పని నాన్నలు చేయండి. ఐదు నిమిషాలు పడుతుంది. రాత్రి ఇంటికి వస్తూ దారిలో చికెన్ పకోడీ కట్టించుకు వచ్చేది కూడా ఎక్కువగా నాన్నలే. ఆ చేత్తోనే నాలుగు జామకాయలు తెండి. నానమ్మ బిస్కెట్లు పెడుతోందని కోడళ్లు కోపం తెచ్చుకోవద్దు. మోకాళ్ల నొప్పితో ఆమె పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది, మనవడు ఆకలంటే తట్టుకోలేకపోతోంది. "అత్తమ్మా, పిల్లగాడు రాంగనే గీ గిన్నె తీసి ముందట పెట్టుండ్రి" అని సిద్ధం చేసిన గిన్నె ఆమెకు చూపించండి. సంతోషంగా పెడుతుంది.

రాత్రి భోజనానికి ఫోన్ పక్కన పెట్టి, అందరూ ఒకేచోట కూర్చోండి. కొత్త కూర ఒకసారి వద్దంటే దాన్ని పట్టికలోంచి కొట్టేయకండి. ఎనిమిది సార్లు, పది సార్లు, పదిహేను సార్లు పళ్లెంలో కనిపించాక ఒక రోజు తింటారు. చెంచాడు చాలు. బతిమాలొద్దు, లంచం పెట్టొద్దు, పక్కింటి పిల్లతో పోల్చొద్దు. కాకరకాయ మీరు వద్దని పక్కకు నెట్టి, వాడిని తినమంటే వాడు మీ చేతినే చూస్తాడు. ఐదింటికి సరిగ్గా తిన్న పిల్ల రాత్రి రెండు ముద్దలే తింటే ఆ రోజుకు అది చాలు.

రేపు సాయంత్రం ఐదింటికి మీ బిడ్డ తాళం తీసుకుని, చెప్పులు విడిచి, నేరుగా వంటింట్లోకి వస్తుంది. ఈ రాత్రి పడుకునే ముందు లైటు వేసి, ఆమె ఎత్తుకు వంగి, ఆ కింది అర ఒకసారి తెరిచి చూడండి.